ఈ బోర్డుకు ఆ ర్యామ్ పడ్తదా?

హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో మా మేనమామ కొట్టుండేది. పైన కంప్యూటర్లని రాసున్నా లోపల సగం బల్ల విప్పదీసిన టీవీలదే. మామ అసలు టీవీ మెకానిక్. 1990లు సగం దాటాక ఊళ్ళో డీటీపీ సెంటర్లు, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు మొదలయ్యేసరికి అదే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని మదర్‌బోర్డుల వైపు తిరిగాడు. బడి వదలగానే నేను పుస్తకాల సంచీతో అక్కడికే పోయేవాణ్ణి. అమ్మ హోంవర్క్ చేసుకొమ్మని పంపేది. నేను చేసేది కింద పడ్డ స్క్రూలు ఏరడం, కేబుళ్ళు చుట్టిపెట్టడం, ర్యామ్ అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. ఊళ్ళో కంప్యూటర్ల జబ్బుల్లో సగం ఆ రబ్బరుకే లొంగేవి.

సరుకంతా సికింద్రాబాద్ నుంచే. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని ఉంది, సీటీసీ అంటే అందరికీ తెలుస్తుంది. మామ పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి పోయి రాత్రికి తిరిగొచ్చేవాడు. క్యాబినెట్లు, మానిటర్లు పార్సిల్ ఆఫీసు దారిన వచ్చేవి. హార్డ్ డిస్కులు ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు. ర్యామ్ మాత్రం చొక్కా లోపలి జేబులో. తెచ్చినవాటిలో అన్నిటికన్నా చిన్న వస్తువూ అదే, తూకానికి లెక్కగడితే అన్నిటికన్నా ఖరీదైందీ అదే. 1999 సెప్టెంబర్‌లో తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చి అక్కడి చిప్‌ల ఫ్యాక్టరీలు ఆగిపోతే, ప్రపంచమంతటా ర్యామ్ ధర ఎగబాకింది. ఆ వేడి మా సందు దాకా వచ్చింది. పేపర్లో భూకంపం వార్త చదివి, మామ తాను చెప్పిన కొటేషన్లన్నీ వెనక్కి తీసుకోవడం నాకు బాగా జ్ఞాపకం.

కొట్లో పొద్దస్తమానం వినబడే ప్రశ్న ఒక్కటే. “అన్నా, గీ ర్యామ్ మా డబ్బాకు పడ్తదా?”

“డబ్బాకు గాదు తమ్మీ, బోర్డుకు పడాలె. బోర్డు నంబరు జెప్పు.”

బోర్డు నంబరు ఎవరికీ తెలిసేది కాదు. క్యాబినెట్‌ను మోసుకొచ్చేవాళ్ళు, మామ పక్క రేకు విప్పేవాడు, నేను టార్చి పట్టేవాణ్ణి. నాకు కంప్యూటర్ చదువు అబ్బింది ఆ టార్చి వెలుగులోనే.

నేను మొదట గుర్తుపట్టడం నేర్చుకున్న సాకెట్, సాకెట్ 7. తెల్లటి చదరపు ప్లాస్టిక్, పక్కన చిన్న లీవర్. లీవర్ ఎత్తితే ప్రాసెసర్ ఏ ఒత్తిడీ లేకుండా తన బరువుతోనే కిందికి దిగేది. దించితే కాళ్ళన్నీ బిగుసుకునేవి. ఇంటెల్ పెంటియం, ఏఎండీ కే6, సైరిక్స్ 6ఎక్స్86, మూడు కంపెనీల ప్రాసెసర్లూ ఆ ఒక్క చదరంలోనే కూర్చునేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ముఖ్యంగా మారాల్సింది వోల్టేజీ. మామూలు పెంటియంకు 3.3 వోల్టులు, ఎంఎంఎక్స్ పెంటియం లోపలి భాగానికి 2.8. బోర్డుతో వచ్చిన కాగితం చూస్తూ మామ జంపర్లు అటూ ఇటూ మార్చేవాడు.

సాకెట్ అదే ఉండగానే మెమరీ మాత్రం మారిపోయింది. మొదట్లో 72 పిన్నుల సిమ్ములుండేవి. వాటిని జతలుగానే వెయ్యాలి. పెంటియం ఒక్క విడతకు 64 బిట్లు అడుగుతుంది, ఒక సిమ్ము ఇవ్వగలిగేది 32. ఒంటి సిమ్ము పెట్టి స్విచ్చేస్తే తెర వెలగదు, బీప్ మోతే. తర్వాత 168 పిన్నుల డిమ్ములొచ్చాయి. వాటికి ఒక్కటి చాలు, 64 బిట్లూ అదే ఇస్తుంది. ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్‌తో వచ్చిన కొన్ని బోర్డుల మీద రెండు రకాల స్లాట్లూ పక్కపక్కనే ఉండేవి. పాత సిమ్ములున్నవాళ్ళు వాటితోనే సర్దుకోవచ్చు, డబ్బులున్నవాళ్ళు డిమ్ము వేసుకోవచ్చు.

ప్రాసెసర్ మారలేదు, సాకెట్ మారలేదు, మరి కొత్త మెమరీ ఎట్లా పడింది? అడిగితే మామ బోర్డు మధ్యలో ఉన్న పెద్ద నల్లటి చిప్‌ను స్క్రూడ్రైవర్ కొసతో చూపించాడు. “ప్రాసెసర్‌కు ర్యామ్ మొఖం తెల్వదు అల్లుడా. నడిమిట్ల గీ పెండ్లిల్ల పేరయ్య ఉన్నడు. ఇద్దరి సంగతీ ఈయనకే ఎరుక.”

ఆ పేరయ్యను కంప్యూటర్ల భాషలో నార్త్‌బ్రిడ్జి అంటారు, చిప్‌సెట్‌లో ముఖ్య భాగం అదే. మెమరీ కంట్రోలర్, అంటే ర్యామ్‌లో ఏ అర నుంచి ఎప్పుడు తీయాలో, ఎంత విరామం ఇవ్వాలో చూసుకునే భాగం, ఆ రోజుల్లో దాని లోపలే ఉండేది. ప్రాసెసర్ తన కబురు నార్త్‌బ్రిడ్జికి చెబుతుంది, అది ర్యామ్‌తో మాట్లాడి జవాబు తెస్తుంది. ర్యామ్ రకం మారితే కొత్త నార్త్‌బ్రిడ్జి ఉన్న బోర్డు కొంటే చాలు. పాత ప్రాసెసర్‌ను తీసి అందులో పెట్టుకోవచ్చు. సాకెట్‌కు మెమరీతో నేరుగా పనే లేదు.

1997లో పెంటియం 2 రాగానే చదరం పోయి పొడుగాటి స్లాట్ వచ్చింది. స్లాట్ 1 అంటారు, 242 కాంటాక్టులు. రెండో స్థాయి క్యాష్, అంటే తరచూ వాడే సమాచారాన్ని దగ్గర ఉంచే చిన్న మెమరీ, దాని చిప్‌లను ప్రాసెసర్ పక్కనే ఒక కార్డు మీద పెట్టాల్సి రావడంతో ఆ రూపం కట్టారు. క్యాష్ కాస్తా ప్రాసెసర్ చిప్ లోపలికే చేరాక కార్డుతో పనిలేకపోయింది. 1999 మొదట్లో ఇంటెల్ చవకరకం ప్రాసెసర్ సెలెరాన్‌తో సాకెట్ 370 వచ్చి మళ్ళీ చదరం మొదలైంది. బయట ఉన్నదేదో చిప్ లోపలికి జరిగితే సాకెట్ రూపం మారుతుందన్న ఈ సూత్రం అప్పుడు మా ఎవరి బుర్రకూ ఎక్కలేదు. నాలుగైదేళ్ళ తర్వాత ఇదే అన్నిటికీ సమాధానమైంది.

మా కొట్టుకు అసలు కళ ఆర్‌ఈసీ కుర్రాళ్ళతో వచ్చేది. రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, 2002లో నిట్ అయింది, హనుమకొండకూ కాజీపేటకూ మధ్యలోనే ఉంది. అక్కడ అన్ని రాష్ట్రాల పిల్లలూ చదివేవారు. “భయ్యా” అంటూ గుంపుగా వచ్చి, మామకే తెలియని సంగతులు చెప్పేవారు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏ అంటే వాళ్ళకు ప్రాణం. అది 66 మెగాహెర్ట్జ్ బస్ మీద, అంటే ప్రాసెసర్‌కూ నార్త్‌బ్రిడ్జికీ నడుమ దారి మీద, 300 వేగంతో నడవాల్సిన చిప్. 440బీఎక్స్ బోర్డు మీద బస్‌ను 100కు మారిస్తే 450 దాకా పరిగెత్తేది. చవక చిప్‌తో ఖరీదైన పెంటియం 2 వేగం. అయితే బస్ వేగం పెరిగితే మెమరీ వేగమూ పెరుగుతుంది గనక పీసీ100 రకం ర్యామ్ తప్పనిసరి. పాత పీసీ66 ర్యామ్‌తో ప్రయత్నించినవాళ్ళకు విండోస్ మధ్యలో నీలి తెర పరచుకునేది. ప్రాసెసర్ ఎంత గట్టిదైనా ర్యామ్ కలిసిరాకపోతే ఆట సాగదని నేను గ్రహించింది ఆ కుర్రాళ్ళ వల్లే.

2000 నవంబర్‌లో పెంటియం 4 వచ్చింది. సాకెట్ 423, 850 చిప్‌సెట్, దాంతోపాటు ఆర్‌డీర్యామ్ అనే కొత్తరకం మెమరీ. పైన లోహపు తొడుగున్న రిమ్ములు. వాటినీ జతగా వెయ్యాలి, పైగా ఖాళీ స్లాట్‌ను ఖాళీగా వదలకూడదు. సిగ్నల్ ఒక రిమ్ము గుండా తర్వాతి రిమ్ముకు పోతూ చివరికి చేరాలి గనక, ఖాళీ చోట్ల చిప్‌లు లేని ఉత్త పలక ఒకటి పెట్టాలి. ఏమీ దాచుకోని దానికి కూడా డబ్బివ్వాలా అని మామ నవ్విన నవ్వు ఇంకా వినబడుతోంది. ఆ ర్యామ్ ధర మామూలు ఎస్‌డీర్యామ్‌కు కొన్ని రెట్లుండేది. ఆ మెమరీ మా ఊరి బేరాలకు నిలవలేదు, ప్రపంచంలోనూ నిలవలేదు. 2001లో ఇంటెల్ 845 చిప్‌సెట్ తెచ్చి పెంటియం 4కు పాత ఎస్‌డీర్యామ్‌ను జతచేసింది. 2002 మొదటికల్లా దానికే డీడీఆర్ కలిపింది. ఈలోగా సాకెట్ 423 పోయి సాకెట్ 478 వచ్చేసింది.

అప్పట్నుంచే జనంలో ఒక అనుమానం పాతుకుంది. “ఊకె సాకెట్ ఎందుకు మారుస్తరన్నా? మళ్ళ బోర్డు కొనాలెనని గాదు?” మామకు ఖండించే ఓపిక ఉండేది కాదు, సమర్థించే మనసూ ఉండేది కాదు. “కొంత గదే, కొంత గాదు” అనేవాడు. ఆ జవాబే సరైందని నాకు తేలడానికి చాలాకాలం పట్టింది.

ఎస్‌డీర్యామ్ పోయి డీడీఆర్ వచ్చే నడుమ కాలం కొట్టుకు పండగే. అప్పుడే ఈసీఎస్ కే7ఎస్5ఏ లాంటి బోర్డులొచ్చాయి. ఏఎండీ సాకెట్ ఏ ప్రాసెసర్ పెట్టుకునే ఆ బోర్డు మీద రెండు ఎస్‌డీర్యామ్ స్లాట్లు, రెండు డీడీఆర్ స్లాట్లు. రెండు రకాలూ ఒకేసారి కుదరదు. ఏదో ఒకటే వెయ్యాలి. కానీ పాత ర్యామ్‌తో ఇవాళ కంప్యూటర్ మొదలుపెట్టి, చేతిలో డబ్బులాడినప్పుడు డీడీఆర్‌కు మారొచ్చు. సగం జీతంగాళ్ళున్న ఊళ్ళో అంతకన్నా గొప్ప బోర్డు ఇంకేముంటుంది?

రెండు ర్యాములనూ పక్కపక్కన పెట్టి మామ నాకు తేడా చూపించాడు. ఎస్‌డీర్యామ్ అంచుకు రెండు గాట్లు, 168 పిన్నులు, 3.3 వోల్టులు. డీడీఆర్‌కు ఒక్క గాటు, 184 పిన్నులు, 2.5 వోల్టులు. గాటు ఉన్నది అలంకారానికి కాదు. తప్పుడు వోల్టేజీ ఉన్న స్లాట్‌లోకి దిగకుండా ఆపడానికి. తర్వాత డీడీఆర్2 240 పిన్నులతో 1.8 వోల్టులకు వచ్చింది. డీడీఆర్3 కూడా 240 పిన్నులే, కానీ 1.5 వోల్టులు, పిన్నుల లెక్క ఒకటే గనక గాటు చోటు మార్చారు. ఇంట్లోనే ర్యామ్ వేసుకుందామని ఒక పెద్దమనిషి డీడీఆర్‌ను తిరగేసి బలంగా నొక్కి, స్విచ్చేసి, కాలిన వాసనతో క్యాబినెట్ మోసుకొచ్చిన రోజు కొట్లో ఎవరూ నవ్వలేదు. బోర్డుతోపాటు ర్యామ్ కూడా పోయింది మరి.

అసలు మలుపు ఏఎండీ వైపు నుంచి వచ్చింది. 2003 సెప్టెంబర్‌లో అథ్లాన్ 64 విడుదలైంది. మా కొట్టుకు అది చేరేసరికి నేను హైస్కూల్ చివర్లో ఉన్నాను. ఆ బోర్డును కవర్లోంచి తీసి ఎప్పటిలాగే టార్చి వేసి చూశాను. అంతకుముందు బోర్డుల్లో ర్యామ్ స్లాట్ల నుంచి బయల్దేరిన సన్నటి రాగి గీతలు నార్త్‌బ్రిడ్జి దగ్గరికి పోయేవి. ఇందులో ఆ గీతలు తిన్నగా సాకెట్ కిందికే పోతున్నాయి. కొన్ని గీతలు మధ్యలో కావాలని మెలికలు తిరిగాయి. ఎందుకంటే సాకెట్‌కు దగ్గరున్న పిన్ను కబురు ముందూ, దూరమున్నదాని కబురు వెనకా చేరితే లెక్క తప్పుతుంది. అందుకని గీతలన్నీ ఒకే పొడవుండేట్టు దగ్గరివాటిని వంకర తిప్పుతారు.

మామ కాసేపు చూసి అన్నాడు, “పేరయ్య ఇంట్ల జొర్రిండు అల్లుడా.”

మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలికే వెళ్ళిపోయింది. కబురు రెండు చేతులు మారకుండా నేరుగా పోతుంది గనక ర్యామ్ నుంచి జవాబు త్వరగా వస్తుంది. అథ్లాన్ 64 ఆ రోజుల్లో ఆటల్లో పెంటియం 4ను మించిందంటే అందులో ఈ దగ్గరితనానిది పెద్ద వాటా. కానీ దానికో మూల్యముంది. ఇప్పుడు ర్యామ్‌కు పోయే ప్రతి తీగా సాకెట్ పిన్నుల్లోంచే పోవాలి. ర్యామ్ పద్ధతి మారితే ఆ పిన్నుల్లో పోయే వోల్టేజీ, వాటి అమరిక, వాటి వెనకున్న కంట్రోలర్ అన్నీ మారాలి. అంటే ప్రాసెసర్, సాకెట్, బోర్డు, ర్యామ్ నాలుగూ ఒకేసారి.

ఏఎండీ సాకెట్ల నంబర్లలోనే ఈ కథంతా కనిపిస్తుంది. సాకెట్ 754కు మెమరీ చానెల్ ఒక్కటే, 64 బిట్లు. 2004 జూన్‌లో వచ్చిన సాకెట్ 939కి రెండు చానెళ్ళు, 128 బిట్లు. పెరిగిన ఆ 185 పిన్నుల్లో చాలావరకు రెండో చానెల్ కోసమే. రెండింటిదీ డీడీఆరే. 2006 మేలో ఏఎమ్2 వచ్చింది, డీడీఆర్2తో. దానికి 940 పిన్నులు. సర్వర్ల కోసం 2003లోనే వచ్చిన సాకెట్ 940కీ అన్నే పిన్నులు, అయినా ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో కూర్చోదు. లెక్క కలిసినంత మాత్రాన అమరిక కలవదు. 939 కొనుక్కున్న నిట్ కుర్రాడొకడు ఏడాది తిరక్కుండా డీడీఆర్2 వేసుకుంటానని వస్తే మామ బిల్లు పుస్తకం వెనక బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. ఆ కుర్రాడు బొమ్మ చూసి, ఇంజనీరింగ్ చదువుతున్నవాడు గనక, ఇంకేం వాదించకుండా వెళ్ళిపోయాడు.

సరిగ్గా అదే సమయంలో ఇంటెల్ పాత పద్ధతినే పట్టుకుని ఉంది. 2004లో ఎల్‌జీఏ 775 తెచ్చింది. పిన్నులు ప్రాసెసర్ మీంచి తీసేసి సాకెట్‌లో నాటింది. ప్రాసెసర్ కాలు వంగితే సన్నటి బ్లేడుతో నిలబెట్టుకునే మామకు ఇది పెద్ద దిగులు. ఇప్పుడు వంగితే బోర్డే పోతుంది. కానీ మెమరీ సంగతిలో 775 అంత ఉదారమైన సాకెట్ మళ్ళీ రాలేదు. కంట్రోలర్ ఇంకా నార్త్‌బ్రిడ్జిలోనే ఉంది గనక 915 చిప్‌సెట్ బోర్డుల్లో డీడీఆర్, డీడీఆర్2లలో ఏదైనా, 2007లో వచ్చిన పీ35 బోర్డుల్లో డీడీఆర్2, డీడీఆర్3లలో ఏదైనా వాడుకునే వీలుంది. ఒకే సాకెట్ మూడు తరాల ర్యాములను చూసింది. 2008 నవంబర్‌లో నెహాలెమ్ ప్రాసెసర్లతో ఇంటెల్ కూడా కంట్రోలర్‌ను లోపలికి తీసుకుంది. ఎల్‌జీఏ 1366 అనే ఆ సాకెట్‌కు మూడు డీడీఆర్3 చానెళ్ళు. పిన్నులు అంతెందుకు పెరిగాయో అప్పటికి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

జనం అనుమానానికి ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. మామ అన్నట్టు కొంత నిజం, కొంత కాదు. ఇంటెల్ 1156, 1155, 1150 సాకెట్లు 2009 నుంచి 2013 లోపు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మూడింటి మెమరీ డీడీఆర్3యే. ఆ మార్పులకు మెమరీని కారణంగా చూపలేం. 1150లో వోల్టేజీని సరిచేసే భాగాన్ని ప్రాసెసర్ లోపలికి తీసుకోవడం లాంటి విద్యుత్ కారణాలున్నాయి, వ్యాపారమూ ఉంది. ఏఎండీ ఏఎమ్3 దీనికి ఎదురు ఉదాహరణ. 2009లో వచ్చిన ఆ ప్రాసెసర్లలో డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ సరిపడే కంట్రోలర్ పెట్టారు. అందుకే అవి పాత ఏఎమ్2+ బోర్డులోనూ కూర్చుని డీడీఆర్2తో పనిచేశాయి. పాత ఏఎమ్2+ ప్రాసెసర్ మాత్రం కొత్త ఏఎమ్3 బోర్డులోకి వెళ్ళలేదు, దానికి డీడీఆర్3 రాదు గనక. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700 కూడా అంతే. కంట్రోలర్‌కు డీడీఆర్4, డీడీఆర్5 రెండూ వచ్చు, బోర్డు తయారీదారు ఏ స్లాట్ పెడితే అది. అంటే తలుచుకుంటే రెండు తరాల ర్యామ్‌ను ఒక్క సాకెట్ మీద నిలపొచ్చు. దానికి చిప్‌లో చోటు కావాలి, ఖర్చు పెట్టే ఉద్దేశం కావాలి.

మామ ఆ కొట్టు ఎప్పుడో కట్టేశాడు. ల్యాప్‌టాప్‌లొచ్చాక విడిభాగాలు అడిగేవాళ్ళు తగ్గారు. ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, పడ్తదా అన్న ప్రశ్నే లేదు. అయినా బంధువుల పిల్లలు కంప్యూటర్ కొనే ముందు ఇప్పటికీ ఆయనకే ఫోన్ చేస్తారు. ఆయన ప్రాసెసర్ పేరు అడగడు. “ర్యామ్ ఏ తరంది? మొదట్ల ఉన్నదా, ఆఖరికొచ్చిందా?” అంటాడు.

ఆ లెక్క ఎంత సరైందో ఏఎండీ ఏఎమ్4 రుజువు చేసింది. డీడీఆర్4తో వచ్చిన ఆ సాకెట్‌లో 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్ కొన్నవాళ్ళు, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని కూడా, బయోస్ మార్చుకుని, చాలావరకు అదే బోర్డు మీద వాడుకోగలిగారు. ర్యామ్ కూడా మార్చలేదు. ఏఎండీ ఔదార్యమని చాలామంది మెచ్చుకున్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ డీడీఆర్4 అంతకాలం రాజ్యమేలడమే దానికి ఆధారం. 2020లో డీడీఆర్5 ప్రమాణం వెలువడ్డాక, 2022 సెప్టెంబర్‌లో 1718 కాంటాక్టులతో ఏఎమ్5 వచ్చింది. అందులో డీడీఆర్5 తప్ప ఇంకేదీ పనిచేయదు. ఇంటెల్ కూడా 2024లో ఎల్‌జీఏ 1851తో డీడీఆర్4కు సెలవిచ్చింది.

కాబట్టి సాకెట్ మారిందని తిట్టుకునే ముందు చూడాల్సింది ర్యామ్ వయసు. కంట్రోలర్ ప్రాసెసర్‌లో ఉన్నన్నాళ్ళూ ర్యామ్ తరం దాటేదాకా సాకెట్‌ను నిలపడం కంపెనీ చేతిలో ఉంది. నిలపకపోతే అడిగే హక్కు మనకుంది. ర్యామ్ తరమే మారి, రెండు తరాలకూ సరిపడే కంట్రోలర్ లేకపోతే మాత్రం సాకెట్ మారక తప్పదు, అక్కడ వాదన చెల్లదు. కొత్త తరం మొదట్లో కొంటే ధర ఎక్కువ, బోర్డుకు ముందున్న కాలమూ ఎక్కువ. పాత తరం చివర్లో కొంటే ఇవాళ చవక, రేపు దారి లేదు. ఈ రెంటిలో ఏదో ఒకటి తెలిసి ఎంచుకున్నవాడికి సాకెట్ల మీద కోపం రాదు. మామ ఆ సందులో ముప్పూటలా చేసిన వ్యాపారమంతా కొనేవాడికి ఈ ఎంపికేదో విడమరిచి చెప్పడమే.